హేమంత ఋతుచర్య – ధనుర్మాస నియమము

మాసములలో మార్గశీర్షము తానేనని శ్రీకృష్ణపరమాత్మ గీత పదవ అధ్యాయమున అర్జునునకు సెలవిచ్చెను. ఆ మాసముతోడనే హేమంత ఋతువు ఆరంభమగును. మార్గశిర పుష్యములు హేమంతము. మాఘ ఫాల్గునములు శిశిరము. దివిసీమలో ఈ దినములు మిక్కిలి సందడి గలవి. వరి పండి కోతకు వచ్చును. మార్గశిర శుద్ధ షష్ఠినాడు మోపిదేవి సుబ్రహ్మణ్యేశ్వరస్వామి సన్నిధికి భక్తులు తండోపతండములుగా వత్తురు. సూర్యుడు ధనూరాశిని ప్రవేశించినది మొదలు వైష్ణవాలయములలో తెల్లవారకమునుపే తిరుప్పావై అనుసంధానము జరుగును. తెల్లవారుజామున స్నానము, ఆలయదర్శనము, వేడి ప్రసాదము – ఇది నెలదినముల నియమము.

ఈ నియమము పట్టిన గృహములలో ఏటేట ఒక సందేహము తలయెత్తుచుండును. డెబ్బది యేండ్లు దాటిన తాతగారు, ఉబ్బసముతో బాధపడు అత్తగారు, అప్పుడే జ్వరము విడిచిన పిల్లవాడు – వీరు మంచులో చన్నీట మునుగవలయునా? మునుగకున్న వ్రతభంగమగునా? మునిగి మంచము పట్టినచో ఆ వ్రతము సాగునా? ఈ సందేహమునకు ఆయుర్వేదమును ధర్మశాస్త్రమును వేరువేరు సమాధానములు చెప్పుననుకొనుట పొరపాటు. రెండును ఒక్క మాటయే చెప్పుచున్నవి.

కాలము – బలము

చరకసంహిత సూత్రస్థానమున ఆరవ అధ్యాయమును, వాగ్భటుని అష్టాంగహృదయ సూత్రస్థానమున మూడవ అధ్యాయమును ఋతుచర్యకే వినియోగింపబడినవి. సంవత్సరము రెండు భాగములు. ఉత్తరాయణము ఆదానకాలము; అనగా సూర్యుడు తన కిరణములతో భూమినుండియు ప్రాణులనుండియు సారమును గ్రహించు కాలము. దక్షిణాయనము విసర్గకాలము, అనగా చంద్రుడు బలవంతుడై ఆ సారమును మరల ఒసగు కాలము. గ్రీష్మ వర్షములలో మానవుని బలము మిక్కిలి తక్కువగను, వసంత శరత్తులలో మధ్యమముగను, హేమంత శిశిరములలో మిక్కిలి ఎక్కువగను ఉండును. కావున శరీరమును పోషించుకొనుటకు సంవత్సరములో ఇంతకు మించిన అదను లేదు. ఈ నాలుగు నెలలలో కూడబెట్టిన బలమే రాబోవు ఎండకాలమునకు పెట్టుబడి.

ఈ బలమునకు కారణము జఠరాగ్ని. కుమ్మరి ఆవముపైన మట్టి మెత్తినప్పుడు వేడి వెలుపలికి పోలేక లోన ఇనుమడించును. అట్లే బయటి చలి శరీరమును కప్పినప్పుడు లోని అగ్ని విజృంభించును. ఇతర ఋతువులలో అరుగని గురుపదార్థములు ఈ ఋతువున సులభముగా జీర్ణమగును. అయితే ఇందొక హెచ్చరిక కలదు. ప్రజ్వరిల్లిన అగ్నికి తగిన ఇంధనము లభింపనిచో అది శరీరమందలి రసధాతువునే హరించును. అప్పుడు చలితోడ్పాటుతో వాతము ప్రకోపించును. కీళ్లు పట్టుట, చర్మము పగులుట, నిదుర చెడుట, ఒడలు నొప్పులు ఇందువలన కలుగును. కాబట్టి హేమంతమున దీర్ఘోపవాసములు, అల్పాహారము, ఎండుపదార్థములు, శీతలపానీయములు పనికిరావు. రాత్రులు దీర్ఘములగుటచే ఈ ఋతువున వేకువనే ఆకలి పుట్టునని వాగ్భటుడు గుర్తించెను. ధనుర్మాసమున అరుణోదయవేళకే వేడి పొంగలి చేతికందించు ఆలయాచారము ఈ శాస్త్రమునకు ఎంత చక్కగా పొసగుచున్నదో చూడదగును.

విష్ణుచిత్తుని వంటయిల్లు

మోపిదేవికి కొలది క్రోసుల దూరమున, కృష్ణాతీరమునందే, శ్రీకాకుళాంధ్ర మహావిష్ణువు కొలువైయున్న శ్రీకాకుళ క్షేత్రము గలదు. కళింగ దండయాత్రకు పోవుచు శ్రీకృష్ణదేవరాయలు ఇచ్చట ఏకాదశి నుపవసించెననియు, స్వామి స్వప్నమున సాక్షాత్కరించి గోదాదేవి కథను తెలుగున రచింపుమని ఆనతిచ్చెననియు ఆముక్తమాల్యద అవతారిక చెప్పుచున్నది. 1509 మొదలు 1529 వరకు రాజ్యమేలిన ఆ ప్రభువు ఆ కావ్యమున గోదాదేవి తండ్రియగు విష్ణుచిత్తుడు శ్రీవైష్ణవ యాత్రికులకు ఏ ఋతువున ఏమి వడ్డించెనో ప్రత్యేకించి వర్ణించెను. వానకాలమునకొక భోజనము, వేసవికొక భోజనము, చలికాలమునకు మరియొక భోజనము.

చలికాలపు విస్తరిలోనివి ఇవి: కమ్మని తావి గల కొత్తబియ్యపు అన్నము, మిరియాలపొడి చల్లిన వేడి కూరలు, ముక్కుకెక్కు ఆవఘాటు గల పచ్చళ్లు, పాయసము, ఊరుగాయలు, చేయి చురుక్కుమనునంత కాగిన నేయి, సమృద్ధిగా పాలు. ఈ పట్టికను చరకుని హేమంతాహారముతో సరిపోల్చి చూడుడు. పాలు మొదలగు గోరసములు, బెల్లము మొదలగు చెరకు వికారములు, తైలము, కొత్తబియ్యపు అన్నము, త్రాగుటకు వేడినీరు – వీనిని హేమంతమున సేవించువానికి ఆయువు తరుగదని చరకుడు చెప్పెను. చరకుడు మాంసమద్యములను గూడ పేర్కొనెను. కాని వైష్ణవగృహమునకు వాని యవసరము లేదు. ఆ స్నిగ్ధత, ఆ పుష్టి, నేయి, పాలు, నువ్వులు, మినుములయందే లభించుచున్నవి. విష్ణుచిత్తుని విస్తరియే ఇందులకు సాక్ష్యము.

నేల గుణము

విష్ణుచిత్తుని వంటలో మరియొక విశేషము గలదు. గురువైన కొత్తన్నము, పాయసములప్రక్కనే మిరియము, ఆవ నిలిచియున్నవి. ఇది కేవలము రుచికొరకు కాదు. శీతర్తువున కఫము శరీరమున సంచితమై, వసంతమున ఎండ తగులగానే కరగి ప్రకోపించి జలుబు, దగ్గు, ఆయాసములను పుట్టించును. కావున పుష్టినిచ్చు పదార్థముతోపాటు కఫమును అదుపులో నుంచు పదార్థమును గూడ చేర్చవలయును.

దివిసీమవారికి ఈ సూక్ష్మము మరింత అవసరము. నీరు, చెట్లు, గాలి తేమ విస్తారముగా గల భూమికి అనూపదేశమని పేరు. అనూపదేశమున కఫము ప్రధానము. కృష్ణ రెండు పాయలుగా చీలి కడలిని కలియు నడుమనున్న ఈ సీమ కాలువలు, మడులు, సముద్రపుగాలి గల అనూపభూమి. హిమాలయప్రాంతపు చలియు ఇచ్చట లేదు. బందరు తీరమున మార్గశిరపు రాత్రులలోను ఉష్ణోగ్రత సాధారణముగా 20 డిగ్రీల దరిదాపులలోనే ఉండును. కావున గ్రంథమున చెప్పిన గురుస్నిగ్ధాహారమును అక్షరాలా అనుసరించుట ఇచ్చటివారికి తగదు. దేశమునకును రోగమునకును విపరీతమైన గుణము గలదే సాత్మ్యమని చరకుడు అదే అధ్యాయమున తెల్పెను. ఋతువు పుష్టిని కోరుచున్నది. నేల తేలికను కోరుచున్నది. రెండింటికి సంధి కుదుర్చునదియే గృహిణి నేర్పు.

పెసరపప్పు, బియ్యము, నేయి, మిరియము, జీలకఱ్ఱ, అల్లము చేర్చి వండిన పొంగలి ఇట్టి సంధికి చక్కని ఉదాహరణము. పప్పులలో పెసర తేలికయైనది. నేయి వాతమును శమింపజేయును. మిరియము, అల్లము అగ్నిని దీపింపజేసి కఫమును త్రుంచును. దివిసీమ రైతులు వరి కోయకమునుపే తడియారని చేలలో మినుములు చల్లుదురు; నేల తేమతోడను మంచుతోడను ఆ పైరు పెరుగును. ఆ మినుములతో, బెల్లముతో, నేతితో చేసిన సున్నియుండ శ్రమించువారికి దివ్యమైన బలకరము. కోతకు వంగి నడుము నొచ్చినవారికి పూటకొకటి ఉచితమే. కూర్చుండి పనిచేయువారికి దినమునకొకటి చాలును. కొత్తబియ్యము కఫకరము గనుక పడకనున్నవారికిని, ఉబ్బసము గలవారికిని పాతబియ్యమునే వండవలయును. నువ్వులు, ఉసిరిక ఈ ఋతువునకు తగినవి. పెరుగు రాత్రివేళ కూడదు.

అభ్యంగము, వ్యాయామము, స్నానము

హేమంతమున నువ్వులనూనెతో అభ్యంగము ప్రశస్తము. దినమంతయు తీరిక లేనివారు తల, చెవులు, అరికాళ్లు – ఈ మూడుచోట్లనైన నూనె రాచుకొనవలయునని వాగ్భటుని ఉపదేశము. కఫము మిక్కుటముగా నున్నప్పుడు, అజీర్ణమున్నప్పుడు అభ్యంగము కూడదు.

బలవంతులు, స్నిగ్ధాహారము భుజించువారు ఈ ఋతువున తమ శక్తిలో సగము మేరకు వ్యాయామము చేయవచ్చును. నుదుట, ముక్కున, కీళ్లలో చెమట పుట్టుట, నోరెండుట – ఇవి సగము శక్తి వినియోగమైనదనుటకు గుర్తులు. అంతట ఆపవలయును. ఆలయప్రదక్షిణము, తెల్లవారు నగరసంకీర్తనము గృహస్థులకు చక్కని వ్యాయామములు. నడచునప్పుడు చెవులకు వస్త్రము చుట్టుకొనుట మంచిది. పగటినిద్ర మానవలయును, కఫము పెరుగుటకు అంతకు మించిన హేతువు లేదు. ఉదయపు లేయెండ సేవింపదగినది. చలిమంట కాగుట ఆరుబయట మేలు. తలుపులు మూసిన గదిలో నిప్పుల కుంపటి నుంచుకొని నిదురించుట ప్రాణాపాయము.

స్నానవిషయమున వాగ్భటుడు ఒక భేదము చూపెను. వేడినీరు మెడ క్రింది శరీరమునకు బలము నిచ్చును. అదే వేడినీరు తలపై పోసికొన్నచో కేశములకు, నేత్రములకు చేటు. కావున శిరస్సునకు గోరువెచ్చదనమునకు మించని నీరే చాలును. అతిసారము, చెవిపోటు, నేత్రరోగము, పడిశము ఉన్నప్పుడును, భోజనమైన వెంటనేయును స్నానము నిషిద్ధము.

వ్రతమునకు లోపము కలుగునా?

ఇంక మొదటి సందేహమునకు వత్తము. స్నానమనగా నీట మునుగుట ఒక్కటియే కాదని స్మృతులు చెప్పుచున్నవి. నీటితో చేయు వారుణస్నానముతోపాటు మంత్రప్రోక్షణముతో మాంత్రము, భస్మముతో ఆగ్నేయము, మృత్తికతో భౌమము, గోధూళితో వాయవ్యము, ఎండతో కూడిన వానతో దివ్యము, విష్ణుచింతనముతో మానసము – ఇట్లు స్నానము ఏడువిధములు. అశక్తుడు తడివస్త్రముతో శరీరమును తుడుచుకొని, మంత్రప్రోక్షణము చేసికొని, నారాయణుని స్మరించినచో శుచియే యగును. వేన్నీళ్లు పోసికొన్న వృద్ధునకు వ్రతలోపము లేదు. చలి తగిలినప్పుడు రక్తనాళములు ముడుచుకొని రక్తపుపోటు హెచ్చునని నేటి వైద్యులును చెప్పుచున్నారు. హృద్రోగము, రక్తపుపోటు, ఉబ్బసము గలవారు చన్నీటికి సాహసింపరాదు, మందులు మానరాదు. మధుమేహము గలవారు బెల్లపు వంటలను ప్రసాదమాత్రముగా కన్నులకద్దుకొని, వైద్యుడు అనుమతించిన మేరకే పుచ్చుకొనవలయును.

తిరుప్పావై రెండవ పాశురమున గోపకన్యలు నేయి, పాలు విడుతుమని నియమము పట్టిరిగదా, అది ఋతుచర్యకు విరుద్ధము కాదా యని కొందరడుగుదురు. ఆ నియమము యౌవనమున నున్న ఆరోగ్యవంతులు భగవత్ప్రాప్తికై తమంత తాముగా పూనినది. వృద్ధులపైనను బాలురపైనను విధించినది కాదు. ఇరువదియేడవ పాశురమునకు వచ్చునప్పటికి నేయి మోచేతివరకు కారునట్లు క్షీరాన్నమును అందరును కలసి ఆరగింపవలయునని గోద కోరినది. కూడారై ఉత్సవమున ఆ ప్రసాదమునే నివేదింతురు. విడుచుట ఎందులకనగా స్వామితో కలసి భుజించుటకే గాని శరీరమును శోషింపజేయుటకు కాదు.

సంధికాలము

ఋతువు మారునప్పుడు కడపటి ఏడుదినములు, రాబోవు ఋతువులోని మొదటి ఏడుదినములు ఋతుసంధి. పాత అలవాటును క్రమముగా విడుచుచు కొత్తదానిని క్రమముగా పట్టవలయును. విశేషించి కార్తికము కడపటి ఎనిమిది దినములు, మార్గశిరము మొదటి ఎనిమిది దినములు యమదంష్ట్రయని శార్ఙ్గధరుడు పేర్కొని, ఆ దినములలో మితముగా భుజించినవాడు జీవించునని చెప్పెను. షష్ఠియాత్ర ఈ దినములలోనే వచ్చును. కావున మోపిదేవికి వచ్చు యాత్రికులు దారిలో దొరకినదెల్ల తినక, కాచి చల్లార్చిన నీరో వేడినీరో వెంట నుంచుకొని, పిల్లలకు వెచ్చని వస్త్రములు కప్పి రావలయును.

కుమారస్వామి జననమే ఇతివృత్తముగా గల కుమారసంభవమున, ఘోరతపస్సు చేయుచున్న పార్వతితో మారువేషమున వచ్చిన శివుడు ధర్మసాధనములలో శరీరమే మొదటిదని పలికెను. మిక్కిలి తినువానికిని, అసలే తినకుండువానికిని యోగము కుదరదని గీతాచార్యుని ఉపదేశము. తపస్సు చేయువారికే ఇంత హెచ్చరిక యున్నప్పుడు సంసారులకు చెప్పవలసినదేమి? ఇంటిలోని పెద్దవారికి నీళ్లు కాచియిచ్చుట, పొంగలి వేడిగా అందించుట, వారికొరకు ఆలయమునకు పోయి తీర్థప్రసాదములు తెచ్చియిచ్చుట – ఇవియును ధనుర్మాస కైంకర్యములే. ఆరోగ్యమును భక్తిని ఒక్క త్రాటిపై నడపుకొను గృహములను శ్రీకాకుళాంధ్ర మహావిష్ణువు చల్లగా కాపాడుగాక.