గేటుకు నోటీసు అంటించి వెళ్ళారా, చెల్లీ?

చెల్లీ, మున్సిపాలిటీ వాళ్ళు గేటుకు నోటీసు అంటించి వెళ్ళారంటే ముందు కాళ్ళూ చేతులూ ఆడవు. ప్లానుకు విరుద్ధంగా కట్టారనో, సెట్‌బ్యాక్ వదల్లేదనో, ఇళ్ళ జోన్‌లో దుకాణం నడుపుతున్నారనో అందులో రాసి ఉంటుంది. ఇరుగుపొరుగు కంట పడకుండా దాన్ని పీకి బీరువాలో పెట్టేస్తాం. రాత్రి భోజనాల దగ్గర ‘మన కార్పొరేటర్‌కి ఒక మాట చెబితే సరిపోతుందిలే’ అంటారు ఇంట్లోవాళ్ళు. అలా అనుకుంటూ ఉండగానే రోజులు కరిగిపోతాయి. నా బాధంతా ఆ రోజుల గురించే. నీ హక్కు పనికొచ్చేది ఆ రోజుల్లోనే తల్లీ.

ఆస్తి హక్కు ఇప్పుడెక్కడుంది అని చదువుకున్నవాళ్ళే అంటుంటారు. 1978లో 44వ రాజ్యాంగ సవరణతో దాన్ని ప్రాథమిక హక్కుల్లోంచి తీసేసిన మాట నిజమే. అంతమాత్రాన అది పోలేదు. చట్టం ఇచ్చిన అధికారం లేకుండా ఎవరి ఆస్తినీ ఎవరూ తీసుకోకూడదని 300ఎ అధికరణం చెబుతూనే ఉంది. కోల్‌కతా కార్పొరేషన్ ఒక స్థలాన్ని తీసుకున్న కేసులో 2024 మేలో సుప్రీంకోర్టు న్యాయమూర్తులు జస్టిస్ పి.ఎస్. నరసింహ, జస్టిస్ అరవింద్ కుమార్ ఆ అధికరణాన్ని విప్పి చెప్పారు. ముందుగా తెలియజెయ్యాలి, యజమాని మాట వినాలి, నిర్ణయానికి కారణం చెప్పాలి, న్యాయమైన పరిహారం ఇవ్వాలి... ఇలా అందులో ఏడు హక్కులు ఇమిడి ఉన్నాయన్నారు. అది స్థలసేకరణ కేసే అయినా, చెప్పకుండా, వినకుండా చెయ్యి వెయ్యొద్దన్న మాట ఇంటి కూల్చివేతకూ వర్తించేదే.

ఆ మాటే 2024 నవంబరు 13న ఇంకా గట్టిగా వచ్చింది. ఉత్తరాది రాష్ట్రాల్లో నేరారోపణ ఉన్నవాళ్ళ ఇళ్ళ మీదికి బుల్డోజర్లు పంపిన వ్యవహారంలో సుప్రీంకోర్టులోనే జస్టిస్ గవాయ్, జస్టిస్ విశ్వనాథన్ ఇచ్చిన తీర్పు అది. దేశంలో ప్రతి మున్సిపాలిటీకీ అది వర్తిస్తుంది. షోకాజ్ నోటీసు ఇవ్వకుండా కూల్చకూడదు. జవాబుకు స్థానిక చట్టం ఇచ్చిన గడువో, నోటీసు చేతికందిన నాటి నుంచి 15 రోజులో, ఏది ఎక్కువైతే అది ఇవ్వాలి. నోటీసు రిజిస్టర్డ్ పోస్టులో రావాలి, ఇంటి గోడకూ అంటించాలి. పాత తేదీ వేసి మోసం చెయ్యకుండా ఆ కబురు వెంటనే కలెక్టర్ ఆఫీసుకు ఈమెయిల్‌లో వెళ్ళాలి. తప్పేమిటో, ఏ కాగితాలు తేవాలో, ఏ రోజు ఎవరి ముందు మాట్లాడాలో నోటీసులోనే రాయాలి.

నన్ను కదిలించింది ఆ తర్వాతి భాగం. నువ్వు చెప్పింది విన్నాక అధికారి ఇచ్చే ఉత్తర్వులో కారణాలుండాలి. రుసుము కట్టి క్రమబద్ధం చేసుకునే వీలుందా, ఒక భాగం తీసేస్తే చాలదా, మొత్తం పడగొట్టడమే ఎందుకు దిక్కైందో రాయాలి. ఆ ఉత్తర్వు అందాక మరో 15 రోజులు ఇంటి జోలికి రాకూడదు. ఆ లోపు నువ్వు అప్పీలుకు వెళ్ళొచ్చు, తప్పున్న భాగాన్ని నువ్వే తీయించుకోవచ్చు. కూల్చేటప్పుడు వీడియో తియ్యాలి. వీటిని పాటించకుండా కూల్చిన అధికారి తన సొంత డబ్బుతో తిరిగి కట్టించాల్సి రావచ్చు. ఆడవాళ్ళను, పిల్లలను, ముసలివాళ్ళను రాత్రికి రాత్రే రోడ్డు మీదికి ఈడ్చడం చూడదగ్గ దృశ్యం కాదనీ, కొన్నాళ్ళు ఆగితే అధికారుల మీద మిన్ను విరిగి పడదనీ ఆ తీర్పులో ఉంది. మన గోడు విన్నవాళ్ళు రాసిన తీర్పులా ఉంటుంది చెల్లీ!

అయితే నీకు తీపి కబుర్లే చెప్పి ఊరుకోను. రోడ్డు, ఫుట్‌పాత్, రైలు పట్టాల పక్క, నది, చెరువు... అక్కడి ఆక్రమణలకు ఆ తీర్పు వర్తించదు. కోర్టే కూల్చమన్న చోటా అంతే. అందుకే హైదరాబాద్‌లో ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తిగా నిండితే నీళ్ళు చేరే హద్దు), బఫర్ (ఆ హద్దు చుట్టూ వదలాల్సిన ఖాళీ) అన్న మాటలు వింటేనే జనం వణుకుతున్నారు. పది హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువుకు 30 మీటర్ల బఫర్ వదలాలని 2012 నాటి జీవో 168 చెబుతోంది. చెరువులు బతకాలనే నేనూ కోరుకుంటాను. అలాగని పద్ధతి వదిలెయ్యమని కాదు. 2024 సెప్టెంబరులో హైదరాబాద్ శివారు అమీన్‌పూర్‌లో ఆదివారం నాడు కూల్చివేత చేపట్టినందుకు తెలంగాణ హైకోర్టు, ఆక్రమణలు తొలగించే ప్రభుత్వ సంస్థ హైడ్రా కమిషనర్‌నూ, తహసీల్దారునూ నిలదీసింది.

ఇంకోటి. అదే ఏడాది డిసెంబరులో సుప్రీంకోర్టు మరో తీర్పులో, అక్రమంగా కట్టినది ఏళ్ళు గడిచినంత మాత్రాన, డబ్బు పోసినంత మాత్రాన సక్రమం కాదంది. ఇంటి పన్ను కడుతున్నాం కదా అన్న ధీమా పనిచెయ్యదు. కొనేటప్పుడే మంజూరైన ప్లాను, ఓసీ (ఆక్యుపెన్సీ సర్టిఫికెట్) చూపించమని అడుగు. బిల్డరు నవ్వినా సరే, అడుగు.

కాబట్టి నోటీసు వచ్చిన రోజే దాని మీద అందిన తేదీ రాసి ఫొటో తీసుకో. కవరు పారెయ్యకు. అందులో తప్పేమిటో స్పష్టంగా లేకపోతే అదే జవాబులో రాయి. ప్లాను, సేల్‌డీడ్, లింకు డాక్యుమెంట్లు, రసీదులు జతచేసి, ఇచ్చిన కాపీ మీద ఆఫీసు ముద్ర వేయించుకో. విచారణ రోజున తప్పకుండా వెళ్ళు. మన దగ్గర చాలా ఇళ్ళు ఆడవాళ్ళ పేరు మీదే రిజిస్టరై ఉంటాయి, కాబట్టి నోటీసు నీ పేరునే రావచ్చు. జవాబు మీద పడాల్సింది నీ సంతకమే. ఎవరో రాసుకొచ్చిన కాగితం మీద చదవకుండా సంతకం పెట్టకు.

లాయరు ఫీజు ఎక్కడ తేను అంటావా? 1987 నాటి న్యాయసేవల చట్టం 12వ సెక్షన్ ప్రకారం ఆడవాళ్ళకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయరును పెడతారు. జిల్లా కోర్టు ఆవరణలోనే న్యాయసేవాధికార సంస్థ ఆఫీసు ఉంటుంది, లేదా 15100కు ఫోన్ చెయ్యి. నోటీసు కాపీ, ఆధార్ పట్టుకుని మొదటి వారంలోనే వెళ్ళు.