బ్రిటన్ జీతంలో కోత ఎక్కడికి పోతుంది?

శ్రీకాకుళం జిల్లాలో విదేశం అంటే చాలాకాలం గల్ఫే. ఇచ్ఛాపురం, సోంపేట, కంచిలి వైపు నుంచి వెల్డర్లు, ఫిట్టర్లు, రిగ్గర్లు దుబాయ్, దోహా వెళ్లారు. వాళ్లకు ముందు తరం రంగూన్ వెళ్లింది. గల్ఫ్‌లో జీతం మీద ఆదాయపు పన్ను లేదు. మాట్లాడుకున్న డబ్బు చేతికొస్తుంది, పని మానేసి వచ్చేటప్పుడు ఇచ్చే గ్రాట్యుటీతో లెక్క తీరిపోతుంది. ముసలితనానికి అక్కడి నుంచి రూపాయి రాదు. ఆ అలవాటులో పెరిగిన ఇళ్ల నుంచి ఇప్పుడు పిల్లలు నర్సులుగా, ఎమ్మెస్సీ చదువుకి, సాఫ్ట్‌వేర్ ఉద్యోగానికి బ్రిటన్ వెళ్తున్నారు; 2025 దాకా కేర్ హోమ్ పనికీ వెళ్లారు. వీసా చేతికొచ్చాక ఆదివారం అరసవల్లి సూర్యనారాయణస్వామి దర్శనం చేసుకుని, పెట్టెలు కట్టుకుని బయల్దేరతారు. మొదటి నెల జీతం పడగానే ఇంటికి ఫోన్: రెండువేల ఐదొందల పౌండ్లన్నారు, రెండువేలే పడింది, మిగతాది ఏమైంది?

ఎవరూ నొక్కెయ్యలేదు. మూడు చోట్లకి వెళ్లింది. ఆ మూడింటి స్వభావం వేరు వేరు. ఒకటి తిరిగిరాదు. ఒకటి షరతు మీద వస్తుంది. ఒకటి పూర్తిగా మీ సొంతం. ఈ తేడా తెలియక మనవాళ్లు మొదటి రెండింటి మీద బాధపడుతూ కూర్చుని, మూడోదాన్ని చేజేతులా వదిలేసుకుంటున్నారు.

ఏడాదికి 30,000 పౌండ్ల జీతం అనుకుందాం, అంటే నెలకి 2,500. ఇక్కడ చెప్పే అంకెలన్నీ 2025-26 పన్ను సంవత్సరానివి. మొదటి 12,570 పౌండ్ల మీద పన్ను లేదు. ఆపైన 50,270 వరకు నూటికి ఇరవై. కాబట్టి ఆదాయపు పన్ను నెలకి దాదాపు 290 పౌండ్లు. నేషనల్ ఇన్సూరెన్స్, అందరూ ఎన్.ఐ. అనేది, అదే మెట్ల మధ్య నూటికి ఎనిమిది, అంటే నెలకి 116. పని చేసే చోటి పింఛనుకి మీ జేబులోంచి 79. చేతికి మిగిలేది 2,014 చిల్లర. పేస్లిప్పు తీసి ఈ మూడు వరసలూ వెతకండి. అందులో మీ టాక్స్ కోడ్ కూడా ఉంటుంది. మామూలుగా అది 1257ఎల్. దాని చివర ఎమ్1, డబ్ల్యూ1 లేదా ఎక్స్ అని ఉన్నా, ఉత్త బీఆర్ అని ఉన్నా, మీ వివరాలు ఇంకా అందక తాత్కాలికంగా లెక్క కట్టారని సాధారణంగా అర్థం. ఎక్కువ పన్ను పోతూ ఉండొచ్చు. పన్నుల శాఖ హెచ్‌ఎంఆర్‌సీకి ఆన్‌లైన్ ఖాతాలోంచో ఫోన్లోనో చెబితే కోడ్ సరిచేస్తారు, ఎక్కువ పోయింది తిరిగొస్తుంది. ఎన్.ఐ. నంబరు కోసం ఎవరికీ పైసా ఇవ్వక్కర్లేదు, దరఖాస్తు ఉచితం. నంబరు రాకముందే పనిలో చేరొచ్చు.

ఇక అసలు గందరగోళమంతా ఎన్.ఐ. దగ్గరే. ఇది మన పీఎఫ్ లాంటిది, వచ్చేసేటప్పుడు మొత్తం తీసుకోవచ్చు అని చెప్పేవాళ్లు ఎక్కువ. కాదు. ఎన్.ఐ.లో మీ పేరున సొమ్ము పోగవదు. ఈ ఏడాది పనిచేసేవాళ్లు కట్టింది ఈ ఏడాది పింఛనుదార్లకి పోతుంది. మీ పేరున నిలిచేది సంవత్సరాల లెక్క ఒక్కటే. ఆ లెక్కలో పది సంవత్సరాలు నిండితే బ్రిటన్ ప్రభుత్వ పింఛనుకి అర్హత వస్తుంది, 35 నిండితే పూర్తి పింఛను, వారానికి 230.25 పౌండ్లు. పదేళ్లు మాత్రమే ఉంటే అందులో 35కి 10 వంతులు, అంటే వారానికి 65 పౌండ్ల పైచిలుకు. తొమ్మిదేళ్లుంటే సున్నా. తొమ్మిదో ఏట ‘చాల్లే, ఇంటికెళ్లిపోదాం’ అనుకునేవాళ్లకి ఈ సంగతి ఎవరైనా చెప్పాలి. ఇంకొక్క సంవత్సరం ఉండగలిగితే ఉండండి.

మన పీఎఫ్‌తో పాటు ఉండే ఈపీఎస్ పింఛనుకీ పదేళ్ల నిబంధన ఉంది కాబట్టి రెండూ కలిపి లెక్కేస్తారేమో అనిపిస్తుంది. వెయ్యరు. విశాఖలో ఆరేళ్లు, లీడ్స్‌లో ఆరేళ్లు పనిచేస్తే పన్నెండు కావు. జర్మనీ, ఫ్రాన్స్, కెనడా వంటి దేశాలతో ఇలాంటి కాలాన్ని కలుపుకునే ఒప్పందాలు భారత్‌కి ఉన్నాయి, బ్రిటన్‌తో లేదు. 2025 జూలై 24న సంతకమైన భారత్-బ్రిటన్ వాణిజ్య ఒప్పందంతో పాటు చందాల విషయంలోనూ ఒక అంగీకారం కుదిరిందని పేపర్లలో చదివి చాలామంది సంతోషించారు. అది ఇక్కడి కంపెనీ కొంతకాలానికి అక్కడికి పంపే ఉద్యోగుల కోసం. వాళ్లు ఇక్కడ పీఎఫ్ కడుతూ అక్కడ ఎన్.ఐ. కూడా కట్టే బెడద తప్పించడానికి. అక్కడి ఆసుపత్రో, కేర్ హోమో నేరుగా ఉద్యోగంలోకి తీసుకున్నవాళ్లకి దానితో సంబంధం లేదు. వాళ్లు కట్టాల్సిందే, కట్టింది వాళ్ల లెక్కలో పడాల్సిందే.

చదువుకునే పిల్లలకి ఇందులో ఒక మంచి వెసులుబాటు ఉంది. ఏడాదిలో ఒకే యజమాని దగ్గర 6,500 పౌండ్లు సంపాదిస్తే ఆ సంవత్సరం లెక్కలో చేరుతుంది. వారానికి 242 పౌండ్లు దాటితే తప్ప ఎన్.ఐ. కోత మాత్రం పడదు. వారానికి ఇరవై గంటలు, గంటకి 12.21 పౌండ్ల కనీస వేతనం మీద పనిచేసే కుర్రాడికి 244 వస్తుంది. అతనికి పడే కోత వారానికి ఇరవై పెన్నీలు కూడా ఉండదు. ఆ ఇరవై పెన్నీలతో ఒక పింఛను సంవత్సరం చేతిలో పడుతుంది. అదే పనిని పేస్లిప్పు లేకుండా చేతికి డబ్బు తీసుకుని చేస్తే సంవత్సరమూ లేదు, పట్టుబడితే వీసాకే ముప్పు.

పింఛనుకి పౌరసత్వంతో, వీసాతో పని లేదు. ఎన్.ఐ. రికార్డు ఉంటే చాలు, అరసవల్లిలో ఇంట్లో కూర్చుని తీసుకోవచ్చు. కానీ ఒక మెలిక ఉంది. భారత్‌లో ఉండే పింఛనుదార్లకి ఏటేటా పెంపుదల ఇవ్వరు. మొదటి వారం ఎంత ఇచ్చారో ఇరవై ఏళ్ల తర్వాతా అంతే. ఆస్ట్రేలియా, కెనడాలో స్థిరపడిన బ్రిటిష్ పెద్దలదీ ఇదే పరిస్థితి. వాళ్లు దశాబ్దాలుగా దీని మీద పోరాడుతూనే ఉన్నారు. ఇది అన్యాయమే. అందరితో సమానంగా కట్టినవాడికి, చివర్లో ఎక్కడ ఉంటున్నాడన్నది చూసి కోత పెట్టడం ఏ లెక్కన చూసినా సరికాదు. కానీ మీరు వేసుకునే ప్రణాళిక ఉన్న నిబంధన మీదే ఉండాలి. 1978 ఏప్రిల్ తర్వాత పుట్టినవాళ్లకి ఈ పింఛను 68వ ఏట మొదలవుతుంది. దాని మీదే పూర్తిగా ఆధారపడకండి.

అందుకే మూడో కోత ముఖ్యం. 22 ఏళ్లు నిండి, ఏడాదికి 10,000 పౌండ్లు దాటి సంపాదించేవాళ్లని యజమాని తనంతట తానే పింఛను పథకంలో చేర్చాలి. ఇది 2012 నుంచి దశలవారీగా అమలైన చట్టం. 6,240కీ 50,270కీ మధ్య ఉన్న జీతం మీద మొత్తం నూటికి ఎనిమిది జమ కావాలి. మన ఉదాహరణలో మీ జేబులోంచి పోయేది 79.20. ప్రభుత్వం పన్ను రాయితీగా కలిపేది 19.80. యజమాని వేసేది 59.40. మొత్తం 158.40. మీరు పెట్టినదానికి సరిగ్గా రెట్టింపు, ఏ నెలకా నెల. ఇది మీ పేరున పెరిగే సొమ్ము, ఉద్యోగం మారినా, దేశం విడిచినా మీదే.

చేరిన నెలలోపు ‘నాకొద్దు’ అని రాసిస్తే మీ వాటా తిరిగిచ్చేస్తారు. కొత్తగా వెళ్లినవాళ్లలో ఈ పని చేసేవాళ్లు చాలామంది. ఎందుకు చేస్తారో తెలుసు. వెళ్లడానికి చేసిన అప్పు నూటికి రెండు రూపాయల వడ్డీ మీద ఇక్కడ నడుస్తుంటుంది, ప్రతి పౌండూ ఇంటికి పంపాలనిపిస్తుంది. అయినా అలా రాసివ్వొద్దనే చెబుతాను. 79 పౌండ్లతో అప్పు తొందరగా తీరిపోదు, పోయిన యజమాని వాటా మాత్రం మళ్లీ రాదు. మరీ ఊపిరాడకపోతే ఆపండి, కానీ ఊపిరి తిరిగిన నెలే యజమానికి రాసి మళ్లీ చేరండి. వాళ్లంతట వాళ్లు తిరిగి చేర్చేది మూడేళ్లకోసారి.

ఈ సొమ్ము 55 ఏళ్లకు ముందు తీయలేరు, 2028 ఏప్రిల్ 6 నుంచి అది 57. ‘ఇండియా వెళ్లిపోతున్నారా, ఇప్పుడే తీయించి పెడతాం’ అని ఫోన్ చేసేవాళ్లు వస్తారు. నమ్మకండి. వాళ్ల కమిషన్ పోగా, అలా తీసిన సొమ్ము మీద 55 శాతం దాకా పన్ను పడుతుంది. కేర్ పనిలో యజమానులు మారుతుంటారు కాబట్టి ఒక్కొక్కరికి మూడు నాలుగు పింఛను ఖాతాలు మిగులుతాయి. ప్రతి పథకం పేరు, సభ్యత్వ నంబరు, చిరునామా ఒక పుస్తకంలో రాసి, దాని నకలు ఇంట్లో అమ్మ దగ్గర ఉంచండి. ప్రతి ఖాతాలో నామినీ పేరు నింపండి. కొత్తగా చేరినవాళ్లు చాలామంది ఆ గడి ఖాళీగా వదిలేస్తారు.

ఇక్కడి సంగతులు కొన్ని బయల్దేరేముందే చూసుకోవాలి. ఉద్యోగానికి వెళ్లేవాళ్లు ఏప్రిల్ నుంచి మార్చి మధ్య భారత్‌లో 182 రోజులకు తక్కువ ఉంటే ఆ ఏడాదికి ఎన్నారై లెక్క. సెప్టెంబరు ఆఖర్న ప్రయాణం ఉంటే రోజులు లెక్కపెట్టి టికెట్ తీయండి. పాత సేవింగ్స్ ఖాతాని, ఎన్నారైల ఇక్కడి ఆదాయానికి ఉండే ఎన్నార్వో ఖాతాగా మార్పించాలి. అక్కడి నుంచి పంపే డబ్బుకి ఎన్నారీ ఖాతా తెరవండి, దాని వడ్డీకి ఇక్కడ పన్ను లేదు. ఎన్నార్వో వడ్డీలో బ్యాంకు 30 శాతం పైన పట్టుకుంటుంది. హెచ్‌ఎంఆర్‌సీ నుంచి నివాస ధ్రువపత్రం తెచ్చి ఇస్తే రెండు దేశాల పన్ను ఒప్పందం ప్రకారం అది 15 శాతానికి తగ్గుతుంది. ఓటీపీలు వచ్చే ఇక్కడి సిమ్ కార్డు చచ్చిపోనివ్వకండి. పీఎఫ్‌కీ, బ్యాంకుకీ అదే తాళంచెవి.

ఇక్కడి అద్దె, వడ్డీ కూడా బ్రిటన్‌లో చూపాల్సిన ఆదాయమే. 2025 ఏప్రిల్ 6 నుంచి, అంతకుముందు పదేళ్లు అక్కడ నివాసి కాని వాళ్లకి మొదటి నాలుగేళ్లు విదేశీ ఆదాయం మీద మినహాయింపు ఉంది. అయితే అది కోరితే 12,570 పౌండ్ల మినహాయింపు పోతుంది. అరసవల్లిలో ఒక పోర్షన్ అద్దె, బ్యాంకులో ఒక ఎఫ్‌డీ ఉన్నవాళ్లకి ఇది నష్టపు బేరం. ఆదాయం చూపించి, ఇక్కడ కట్టిన పన్నును అక్కడ తగ్గించుకోవడమే మేలు.

తిరిగొచ్చేటప్పుడు యజమాని ఇచ్చే పీ45 తీసుకోండి, దేశం విడుస్తున్నట్టు తెలిపే పీ85 నింపి హెచ్‌ఎంఆర్‌సీకి పంపండి. ఏడాది మధ్యలో వచ్చేస్తే తరచుగా కొంత పన్ను తిరిగొస్తుంది. ఏటా వచ్చే పీ60లు పారేయకండి. ఎన్.ఐ. రికార్డులో ఖాళీలుంటే మామూలుగా గత ఆరేళ్లవి సొంతంగా కట్టి పూడ్చుకోవచ్చు. ఒక సంవత్సరానికి 923 పౌండ్లయితే, అది పింఛనులో ఏడాదికి 342 కలుపుతుంది, మూడేళ్లలోపే తిరిగొచ్చేస్తుంది. కాకపోతే 2026 ఏప్రిల్ 6 నుంచి, విదేశంలో గడిపిన కాలానికి కట్టాలంటే ముందు బ్రిటన్‌లో పదేళ్ల నివాసమో, పదేళ్ల చెల్లింపో ఉండాలి. భార్యాభర్తల లెక్కలు కూడా విడివిడివే. ఆయన రికార్డు మీద ఆవిడకి కొత్త పింఛను రాదు, ఆవిడ పేరున సంవత్సరాలు ఉండాలి.

వయసొచ్చాక ప్రభుత్వ పింఛను తనంతట తాను రాదు, దరఖాస్తు చేయాలి. విదేశాల్లో ఉన్నవాళ్ల పని చూసేది ఇంటర్నేషనల్ పెన్షన్ సెంటర్. డబ్బు మొదలయ్యాక అప్పుడప్పుడు బతికున్నట్టు ధ్రువపత్రం పంపుతారు. సాక్షి సంతకంతో గడువులోగా తిప్పి పంపకపోతే చెల్లింపు ఆపేస్తారు, కాబట్టి ఇల్లు మారిన వెంటనే వాళ్లకి కొత్త చిరునామా రాయండి.