వరిచేనిలో కొలతయు పరీక్షయు: దివిసీమ రైతులకు

మోపిదేవి ప్రాంతమున ఒక రైతు సార్వాలో కాలువ యొడ్డునున్న చేలో క్రొత్త విత్తనమును, మురుగుకాలువ చెంతనున్న పల్లపుచేలో పాత విత్తనమును నాటెననుకొనుడు. కోతలైన పిమ్మట మొదటి చేను ఎకరమునకు 30 బస్తాలును, రెండవది 23 బస్తాలును ఇచ్చినవి. క్రొత్త విత్తనము వలన 7 బస్తాలు హెచ్చినవని అతడు తలంచును. ఇరుగుపొరుగువారును అట్లే చెప్పుకొందురు. మరుసటి యేట పది కుటుంబములవారు హెచ్చు ధర పెట్టి, అవసరమైనచో అప్పుచేసి, ఆ విత్తనమునే కొందురు. ఇంతమంది సొమ్మును ఒడ్డునట్టి ఈ 7 బస్తాలు నిజముగా విత్తనము వలన వచ్చినవేనా అని ముందుగా విచారింపవలెను.

దివిసీమ కృష్ణానది రెండు పాయలకును సముద్రమునకును నడుమనున్న లంక. పులిగడ్డ వద్ద నదిపాయను దాటి వచ్చు కాలువనీరు ఎగువ చేలకు ముందుగాను, చివరి చేలకు ఆలస్యముగాను అందును. పల్లపుభూములలో మురుగు తీయక ఉప్పు నిలుచును. 1977 నవంబరు 19వ తేదీ ఉప్పెనలో సముద్రపు నీరే ఈ సీమ పొలములపై పారెను. ఇట్టి చోట్ల చూపునకు ఒకేవిధముగా కనబడు రెండు చేలలోని ఉప్పు ఒక్కటిగా ఉండునని తలంచుట పొరపాటు. ఉప్పును నాలుకతోనో, తెల్లని పొరను చూచియో నిర్ణయింపరాదు. మట్టిని తడిపి, పిండిన నీటిలో విద్యుత్తు ప్రవహించు శక్తిని పరీక్షాశాలలో కొలుతురు. ఆ కొలత మీటరునకు 3 డెసీసీమెన్సులు దాటిన పిమ్మట, ఒక్కొక్క డెసీసీమెన్సునకు వరి దిగుబడి సగటున నూటికి 12 వంతులు తగ్గునని లెక్క కలదు. పై రైతు పల్లపుచేను 5 చూపినదనుకొన్నచో, నూటికి 24 వంతులు పోవలెను. 30 బస్తాలలో 24 వంతులు తీసివేసిన మిగులునది సుమారు 23 బస్తాలే. అనగా ఆ తేడా అంతయు ఉప్పు వలననే కలిగియుండవచ్చును. విత్తనము చెడ్డదని దీని అర్థము కాదు. ఆ విధముగా నాటినందున విత్తనపు గుణము తెలియుటకు దారి లేకపోయినదని మాత్రమే అర్థము.

కావున పరీక్షలో ఒక్క సంగతిని మాత్రమే మార్చి, తక్కినవన్నియు సమానముగా ఉంచవలెను. ఒకే చేలో 8 మీటర్ల చతురముగా 12 మడులు కట్టి, ప్రక్కప్రక్కనున్న రెండేసి మడులను జతగా తీసికొనవలెను. గట్లతో కలిపి పాతిక సెంట్లు చాలును. నారు వయస్సు, నాటిన దినము, ఎరువు అన్నియు ఒక్కటిగా ఉండవలెను. ఒక మడి ఎరువునీరు మరొక మడిలోనికి పారకుండ గట్టును గట్టిగా వేయవలెను.

ఇక ప్రతి జతలోను ఏ మడికి ఏ విత్తనము? ఇచ్చటనే తెలిసిన రైతులు సైతము మోసపోవుదురు. చేయి తెలియకయే మంచి మడికి క్రొత్త విత్తనమును వేయును. ఈ చిక్కునకు ఉపాయము నాణెము ఎగురవేయుటయే. ఇంగ్లండులోని రోథంస్టెడ్ అను చోట 1843 నుండి పొలములలో ఎరువుల పరీక్షలు సాగుచున్నవి. 1919లో అచ్చట చేరిన ఫిషర్ అను గణితవేత్త, మడులకు విత్తనమును గాని ఎరువును గాని చీట్లు తీసినట్లు కేటాయింపవలెనని సహేతుకముగా స్థాపించెను. ఆంధ్ర విశ్వవిద్యాలయములో గణితము చదివిన తెలుగువారు కల్యంపూడి రాధాకృష్ణారావుగారు (1920–2023) కేంబ్రిడ్జిలో ఆ ఫిషర్ వద్దనే పరిశోధన చేసి, గణాంకశాస్త్రమున జగత్ప్రసిద్ధులైరి.

నాణెమును బట్టి నాటినందున మరియొక లాభము కలదు. రెండు విత్తనములకు భేదమే లేదనుకొనుడు. అప్పుడు ఆరు జతలలోను క్రొత్తదే మిన్నగా తేలుటకు 64లో ఒక వంతు మాత్రమే అవకాశము. మూడే జతలు వేసినచో ఆ అవకాశము 8లో ఒక వంతు. అంతటి దానిని నమ్మి అప్పుచేయుట తగదు. ఆరింటిలో నాలుగే మిన్నయైనచో ఏమియు తేలలేదని యెంచి, మరుసటి యేట మరల నాటి చూడవలెను.

కోతనాడు మడి నడుమ 5 మీటర్ల చతురమును త్రాటితో గుర్తింపవలెను. చుట్టును విడిచిన మీటరున్నర పైరు లెక్కకు రాదు. ఏలననగా గట్టువార దుబ్బులు వెలుతురు ఎక్కువగా పొంది హెచ్చుగా కాయును. రెండు కర్ణములును 7 మీటర్ల 7 సెంటీమీటర్లు ఉన్నప్పుడే మూలలు సరియైనవి. ఆ చతురము ఎకరములో 162వ వంతు. అందుచేత తూకములో అరకిలో తప్పినచో ఎకరమునకు 81 కిలోల తప్పు, అనగా 75 కిలోల బస్తాకు మించినది, వచ్చును. ప్రక్కకొలత పది సెంటీమీటర్లు పెరిగినను నూటికి నాలుగు వంతులు లేని దిగుబడి కనబడును.

కాటా ఖాళీగా నున్నప్పుడు సున్న చూపుచున్నదో లేదో, ముద్రగల 5 కిలోల రాయిని సరిగా తూచుచున్నదో లేదో ముందుగా చూడవలెను. గోనె బరువును తీసివేయవలెను. పూర్వము పుట్టి, తూము, కుంచములతో కొలుచు కాలమున ఊరూరికిని కొలత మారుచుండెడిది. 1956వ సంవత్సరపు శాసనముతో కిలోగ్రాము దేశమంతటికిని ప్రమాణమైనది. అయినను కిలో కూడ తడిని తూచును. నూటికి 20 వంతుల తేమగల 75 కిలోల ధాన్యము, 14 వంతుల తేమకు ఆరిన పిమ్మట సుమారు 70 కిలోలే. క్రొత్తదానిని పచ్చిగాను పాతదానిని ఆరబెట్టియు తూచినచో, 30 బస్తాల మీద రెండు బస్తాల తేడా ఊరక పుట్టును. తేమను కొలిచి, నూటిలో దానిని తీసివేసిన శేషముచే బరువును గుణించి, 86చే భాగింపవలెను.

ఈ అంకెలన్నియు ఆనాడే, గట్టు మీదనే, మడి సంఖ్యతో పుస్తకమున వ్రాయవలెను. ఎలుకలు కొట్టిన మడిని విడువదలచినచో తూచుటకు ముందే కారణము వ్రాసి, దాని జతను కూడ విడువవలెను. అప్పుడు మిగిలిన ఐదు జతలలోను క్రొత్తదే మిన్నయైనచో, అది ఊరక జరుగుటకు గల అవకాశము 32లో ఒక వంతుగా లెక్కించుకొనవలెను.