గుల్మార్గా, ఔలీయా?

భద్రాచలం వంతెనకు ఇవతల, కాగితం మిల్లు పొగగొట్టాల కింద ఉన్న సారపాకలో మంచు గురించి మాట్లాడుకోవడం కాస్త విడ్డూరమే. ఎండాకాలంలో నలభై అయిదు డిగ్రీలంటే ఇక్కడ ఎవరూ ఆశ్చర్యపోరు. అయినా ఆ మోజు ఇక్కడికీ పాకింది. పాపికొండల లాంచీ, అరకు రైలు, లంబసింగి పొగమంచు అయిపోయాక పిల్లలు తర్వాతి మెట్టు అడుగుతున్నారు. అది స్కీయింగ్.

నాకు తెలిసిన ఒక ఇల్లు దసరా నుంచి సంక్రాంతి దాకా ఇదే చర్చలో మునిగి ఉంది. ఆయన మిల్లులో షిఫ్టు డ్యూటీ, ఆవిడ బడిలో లెక్కల టీచరు. ఇద్దరు పిల్లలు, మోకాళ్ళ నొప్పులతో ఆయన తల్లి. ఒకరోజు గుల్మార్గ్ గెలిచేది, మర్నాటికి ఔలీ గెలిచేది.

రెండూ తీసిపారేసే ఊళ్ళు కావు. గుల్మార్గ్ 2,650 మీటర్ల ఎత్తున ఉంది, శ్రీనగర్ విమానాశ్రయం దిగితే కారులో యాభై కిలోమీటర్ల పైచిలుకు. అక్కడి గోండొలా అనే కేబుల్ కారు రెండు దశల్లో అఫర్‌వత్ కొండ మీద సుమారు 3,900 మీటర్లకు చేరుస్తుంది. ఔలీ ఉత్తరాఖండ్‌లో జోషీమఠం పైన ఉంటుంది. ఎదురుగా 7,816 మీటర్ల నందాదేవి. అక్కడ గఢ్‌వాల్ మండల్ వికాస్ నిగమ్ వారు కొత్తవాళ్ళకు ఏడు రోజుల స్కీయింగ్ కోర్సు పెడతారు. కాకపోతే రిషీకేశ్ నుంచి జోషీమఠానికి రమారమి 250 కిలోమీటర్ల ఘాట్ రోడ్డు.

"ఏమండీ, ఔలీ అయితే అత్తయ్యకు జోషీమఠంలో నరసింహస్వామి దర్శనం కూడా అవుతుంది కదా" అని ఆవిడ. "అమ్మ మోకాళ్ళకు పది గంటల ఘాట్ రోడ్డా? గుల్మార్గ్ అంటే శ్రీనగర్ దాకా విమానమే" అని ఆయన. వింటుంటే నాకు ఒకటి తోచింది. వీళ్ళిద్దరూ మంచు గురించి మాట్లాడటమే లేదు. ఒకే సెలవులో రెండు ప్రయాణాలు ఇరికించారు, ఒకటి పిల్లల మంచు, ఇంకొకటి పెద్దావిడ తీర్థయాత్ర. ఊళ్ళను ఎన్నిసార్లు తూచినా ముల్లు నిలవకపోవడానికి కారణం ఇదే. ఉద్యోగం మారాలా వద్దా, ఊళ్ళో ఇల్లు కట్టాలా హైదరాబాద్‌లో ఫ్లాటా అని ఏళ్ళ తరబడి ఊగేవాళ్ళ దగ్గరా తరచి చూస్తే ఇదే కనిపిస్తుంది. ఒక ప్రశ్నలో ఇద్దరి కోరికలు ఉంటాయి, లేదా ఒకే మనిషివి రెండు.

చిక్కుముడి విప్పడానికి నేను ఒక ప్రశ్న సూచించాను. అక్కడికి చేరిన రెండో రోజు పొద్దున నువ్వేం చేస్తావు? మొదటి రోజు ఎవరైనా మంచులో ఫొటోలే దిగుతారు, దాన్నిబట్టి ఏమీ తెలియదు. రెండో రోజు మాట ఎవరికి వాళ్ళు విడివిడిగా చెప్పాలి, పక్కవాళ్ళు సరిదిద్దకూడదు.

ఎనిమిదో తరగతి కొడుకు స్కీయింగ్ నేర్చుకుంటానన్నాడు. అదేమిటో వాడికి చెప్పాల్సి వచ్చింది. స్కీ బూటు చీలమండను కదలనివ్వదు, చదును నేల మీద కూడా నడక తడబడుతుంది. మొదట నేర్పేది జారడం కూడా కాదు, ఆగడం. రెండు స్కీల ముందు కొనలు దగ్గరకు తెచ్చి, మడమలు బయటకు తోసి, త్రికోణంలా పెట్టి వేగం తగ్గించాలి. అది వచ్చేలోపు పడటం, లేవడం, మళ్ళీ పడటం. "అయినా సరే" అన్నాడు. కూతురికి గోండొలా కావాలి. ఆయనకు రాత్రి షిఫ్టు గుర్తుకురాని నిద్ర, ఆవిడకు నందాదేవి వైపు తెరుచుకునే కిటికీ. నాన్నమ్మకు స్వామి.

ఔలీకీ రోప్‌వే ఉంది. కానీ 2023 జనవరిలో జోషీమఠంలో నేల కుంగి ఇళ్ళు బీటలు వారినప్పుడు దాన్ని ఆపేశారు. కశ్మీర్ అనగానే చుట్టాలంతా 2025 ఏప్రిల్‌లో జరిగిన పహల్గాం దాడి గుర్తుచేశారు. భయాన్ని కొట్టిపారేయమని నేను అనను. అయితే 2019లో కచ్చులూరు దగ్గర లాంచీ మునిగాక కూడా మనవాళ్ళు గోదావరిని వదిలేయలేదు. ఏది ఆగింది, ఏది తెరిచారు, ఎవరి సూచనలు వినాలి అని కనుక్కుని వెళ్తున్నారు. ఇక్కడా అంతే చేయాలి. పదిమందిని అడగడం మాత్రం వేరే సంగతి. చాలామంది సలహా కోసం అడగరు, రేపు బెడిసికొడితే నెపం వేయడానికి ఒక మనిషిని వెతుక్కుంటారు.

కొన్ని ఎంపికలు ఒక్క షరతుతోనే తేలిపోతాయి. 2014 మే 25న మన చర్ల మండలం కలేరు కుర్రాడు ఆనంద్‌కుమార్, నిజామాబాద్ జిల్లా పాకాల పిల్ల పూర్ణ ఎవరెస్ట్ ఎక్కారు. నేపాల్ దారి, టిబెట్ దారి రెండూ ఉన్నాయి. పదహారేళ్ళు నిండనివాళ్ళకు నేపాల్ అనుమతి ఇవ్వదు, పూర్ణకు అప్పటికి పద్నాలుగైనా నిండలేదు. ఇంకేం పోల్చాలి? టిబెట్ వైపు నుంచి ఎక్కారు. 1978లో అర్థశాస్త్రంలో నోబెల్ అందుకున్న హెర్బర్ట్ సైమన్ చెప్పిందీ దీనికి దగ్గరిదే. అన్నిటికన్నా మంచిది ఏదని మనిషి చివరిదాకా వెతకలేడు, తన గీత దాటినదాన్ని పట్టుకుని ముందుకు వెళ్తాడు.

మరి ఈ ఇంటి గీత ఏది? తేదీ. సంక్రాంతి సెలవులకు మంచు ఖాయం కాదు. 2024 జనవరిలో గుల్మార్గ్ గోధుమరంగు గడ్డితో బోడిగా ఉండిపోయింది. 2025లో మంచు చాలక అక్కడి ఖేలో ఇండియా పోటీలు ఫిబ్రవరి నుంచి మార్చికి వాయిదా పడ్డాయి. ఔలీకీ ఇదే తిప్పలు. అందుకే ఫిబ్రవరి అనుకున్నారు. ఆయనకు వారమే సెలవు దొరుకుతుంది. అందులో రానూపోనూ ఘాట్ రోడ్డుకే రెండు రోజులు పోతే ఏడు రోజుల కోర్సు ఊసే ఉండదు. గుల్మార్గ్ తేలింది.

పెద్దావిడ ఏమంటుందోనని అందరూ జంకారు. ఆవిడ తేలిగ్గా తీసేసింది. "మీరు మంచులో దొర్లుతుంటే నన్ను గదిలో హీటర్ పక్కన కూర్చోబెడతారు. నాకెందుకురా ఆ చలి? బదరీనాథుడి తలుపులు తీశాక మేలో పోదాం. దేవప్రయాగలో ఒక రాత్రి, రుద్రప్రయాగలో ఒక రాత్రి ఆగుతూ పోతే మోకాళ్ళేం చేస్తాయి?" పిల్లల సెలవులో దండగ అనిపించిన ఆ దారే ఆవిడకు యాత్ర.

కోడలికి మాత్రం నందాదేవి కిటికీ తప్పిపోయింది. గుల్మార్గ్‌లో ఇంకా మంచి హోటల్ చూద్దామని ఆయన బుజ్జగించబోతే, "అది వేరు, ఇది వేరు, నాకు లోటు లోటే" అంది. అని, తన ఫోన్‌లో దాచుకున్న ఔలీ వీడియోలన్నీ తీసేసింది.

ఇక మిగిలినవి పనులే. మిల్లులో సెలవు చీటీ పెట్టాలి, గోండొలా టికెట్లు ముందుగానే ఆన్‌లైన్‌లో తీసుకోవాలి. బయటి రాష్ట్రాల ప్రీపెయిడ్ సిమ్ కశ్మీర్‌లో పనిచేయదు కాబట్టి ఒక ఫోనునైనా పోస్ట్‌పెయిడ్‌కు మార్చుకోవాలి.