క్వీన్స్: న్యూయార్క్‌లో ఒక చిన్న ప్రపంచం

న్యూయార్క్ నగరం అనగానే పోటీ పరీక్షల అభ్యర్థులకు మన్‌హట్టన్ ఒక్కటే గుర్తొస్తుంది. నగరంలోని అయిదు బరోల్లో (పాలనా విభాగాల్లో) విస్తీర్ణంలో పెద్దది మాత్రం క్వీన్స్. 1898లో నగరంలో విలీనమైంది. 2020 జనగణన ప్రకారం జనాభా 24,05,464. ఈ లెక్కలో మొదటి స్థానం బ్రూక్లిన్‌ది.

ఇక్కడి జనాభాలో దాదాపు సగం మంది విదేశాల్లో పుట్టినవారే. 7వ నంబరు రైలెక్కితే జాక్సన్ హైట్స్‌లో భారతీయ దుకాణాలు, కరోనాలో లాటిన్ అమెరికన్ కుటుంబాలు, చివరి స్టేషన్ ఫ్లషింగ్‌లో చైనీయుల సందడి. (కరోనా అంటే ఇక్కడ ఒక పేట పేరే, భయపడక్కర్లేదు!) ఫ్లషింగ్ బౌన్ స్ట్రీట్‌లోని గణేశాలయం 1977 నాటిది. 2022లో ఆ వీధికి ‘గణేశ్ టెంపుల్ స్ట్రీట్’ అన్న పేరు కూడా చేర్చారు.

జాన్ ఎఫ్. కెనడీ, లాగార్డియా విమానాశ్రయాలు రెండూ ఇక్కడివే.

ప్రశ్నలకు అసలైన గని ఫ్లషింగ్ మెడోస్ పార్కు. 1939, 1964 ప్రపంచ ప్రదర్శనలు ఇక్కడే జరిగాయి. 1978 నుంచి యూఎస్ ఓపెన్ టెన్నిస్ వేదికా ఇదే. ఐక్యరాజ్యసమితి సర్వప్రతినిధి సభ 1946 నుంచి 1950 వరకు ఈ పార్కులోని భవనంలోనే సమావేశమైంది. పాలస్తీనా విభజన తీర్మానం 1947 నవంబరు 29న అక్కడే నెగ్గింది. ఆ భవనమే నేటి క్వీన్స్ మ్యూజియం.