బస్సు మెట్లు - కాలహరణము

బస్సు వేగముగా పరుగెత్తినను ప్రయాణమేల ఆలస్యమగును? నిలిచినచోటనెల్ల జనులు మెట్లెక్కుటయందును, చిల్లర లెక్కించుటయందును కాలము గడచుటచేతనే. బ్రెజిలు దేశమందలి కురిటీబా నగరపాలకులు ఈ సంగతిని గ్రహించిరి. 1974లో బస్సులకు ప్రత్యేకమార్గముల నేర్పరచిరి. 1991లో బస్సు నిలుచు తావులందు గొట్టమువంటి గాజుమంటపములను కట్టించిరి. ప్రయాణికులు ముందుగానే రుసుము చెల్లించి లోపల వేచియుందురు. మంటపపు అరుగు బస్సు నేలతో సమముగా నుండును. కావున వృద్ధులును, చక్రాలకుర్చీలోని వారును మెట్లెక్క బనిలేదు, తక్కినవారికిని జాప్యముండదు. సొరంగపు రైలుకంటె మిగుల స్వల్పవ్యయముతో పని నెరవేరెను. విద్యార్థులారా! తరగతి గుమ్మమొద్ద మీ త్రోపులాటను చూచినపుడెల్ల మాకీ నగరము జ్ఞప్తికి వచ్చును. బలహీనునికి అనువైన ద్వారము బలవంతునికిని త్వరితద్వారమే గదా!