ఎనిమిది నెలల ముట్టడి, నలభై చింతపిక్కలు



"కోట తలుపు తియ్యాలా, వద్దా" అని మా సెవెన్త్ క్లాస్ పిల్లలు భోజనాల దగ్గర కూడా వాదించుకుంటున్నారని పోయిన పీటీఎంలో కొందరు చెప్పారు. ఒక నాన్నగారు "స్కూల్లో యుద్ధం ఆటలెందుకు మేడమ్?" అని సూటిగానే అడిగారు. న్యాయమైన ప్రశ్న. అందుకే ఆ ఆట ఏమిటో, ఎలా తయారైందో రాస్తున్నాను.

1687లో ఔరంగజేబు గోల్కొండను ముట్టడించి గెలిచాడు. పరీక్షకి ఈ ఒక్క వాక్యం చాలు. కానీ ఆ ముట్టడి సుమారు ఎనిమిది నెలలు సాగింది. అన్ని నెలలు లోపలివాళ్ళు ఏం తిన్నారు, గోడ కూలితే ఎవరు కట్టారు అని క్లాసులో అడిగితే ఎవరూ మాట్లాడలేదు. నేనూ అంతకుముందు ఆలోచించలేదు. బీఈడీలో ప్రాజెక్ట్ మెథడ్ మీద వ్యాసం రాసి మార్కులైతే తెచ్చుకున్నాను గానీ, అది ఎందుకు పనికొస్తుందో ఆ రోజే తెలిసింది.

గోల్కొండనే ఆడిస్తే చివర ఏమవుతుందో పిల్లలకు ముందే తెలుసు. అందుకని ఎర్రగుట్ట అనే కల్పిత కోట పెట్టుకున్నాం. కోట మాత్రమే కల్పితం, లోపల జరిగేవి చరిత్రకు దగ్గరగా ఉండాలి. ప్రతి సంఘటన కార్డుకీ ఒక రంగు ఇచ్చాం: నిజంగా జరిగిందానికి నీలం, మనం ఊహించిందానికి పసుపు. నీలం కార్డు రాసినవాళ్ళు అది ఎక్కడ చదివారో క్లాసుకి చూపించాలి. గోల్కొండ గోడ కింద మొఘలులు సొరంగాలు తవ్వి మందుగుండు కూరితే, అది వాళ్ళ వైపే పేలి వాళ్ళ మనుషులే చనిపోవడం నీలం. వానలకు ముట్టడి చేసేవాళ్ళ శిబిరంలోనే ధాన్యం కరువు రావడం కూడా నీలమే. బయటివాళ్ళకీ ఆకలి వేస్తుందని పిల్లలు అస్సలు అనుకోలేదు! రాత్రి దెయ్యాలు వచ్చి శత్రువుల్ని తరిమేసే కార్డు ఒకటి పసుపుగా కూడా పాస్ కాలేదు.

ఇందులో పిల్లలంతా ఒకే వైపు. శత్రువు అంటే కార్డుల కట్ట. ఐదుగురు ఆడతారు: కోట అధికారి, ధాన్యం చూసేవారు, నీళ్ళు చూసేవారు, గోడ మేస్త్రీ, వార్తలు తెచ్చేవారు. ఒక్కో రౌండు ఒక నెల. ఈ నెల మిగిలిందే వచ్చే నెలకి. ఎనిమిది నెలలు నిలబడితే అందరూ గెలుస్తారు, లేకపోతే అందరూ ఓడిపోతారు.

ధాన్యానికి నలభై చింతపిక్కలు. ఒక్క పిక్క వందమందికి నెల తిండి. కోటలో ఆరువందల మంది, అంటే నెలకి ఆరు పిక్కలు. ఎనిమిది నెలలకి నలభై ఎనిమిది కావాలి, ఎనిమిది తక్కువ. మూడో నెల మొదట్లో చుట్టుపక్కల ఊళ్ళ నుంచి రెండువందల మంది వచ్చి తలుపు కొడతారు.

మొదటిసారి ఆడినప్పుడు పిల్లలు ఒక్క నిమిషంలో తలుపు మూసేశారు. "తిండి చాలదు మేడమ్," అంతే. ఆ రాత్రి నాకు నిద్ర సరిగా పట్టలేదు. తప్పు పిల్లలది కాదు, నా రూల్‌ది. వచ్చినవాళ్ళు తింటారని రాశాను గానీ, పని చేస్తారని రాయలేదు. ఊరివాళ్ళు అంటే నోళ్ళే అని నేనే వాళ్ళకి నేర్పించాను. రాళ్ళు మోసేది, నీళ్ళు తోడేది ఎవరు మరి? రూల్ మార్చాను: లోపలికి రానిస్తే గోడ పనికి అదనంగా రెండు జతల చేతులు. సగం తిండి పెట్టిన నెలలో మాత్రం గోడ పని సగమే.

రెండోసారి వాదన పీరియడ్ అంతా నడిచింది. ఎప్పుడూ చెయ్యి ఎత్తని ఒక అమ్మాయి నోట్‌బుక్‌లో లెక్క వేసి చూపించింది. రెండు నెలలకి పన్నెండు పోతే మిగిలింది ఇరవై ఎనిమిది. ఎనిమిదివందల మందికి సగం తిండి అంటే నెలకి నాలుగు, ఆరు నెలలకి ఇరవై నాలుగు. "ఇంకా నాలుగు మిగులుతాయి. గోడ పగిలిన నెలలో ఆ నాలుగూ వాడి అందరికీ కడుపునిండా పెడదాం," అంది. తలుపు తీశారు.

గొడవంతా వచ్చింది ద్రోహం కార్డు దగ్గర. గోల్కొండలో గోడ బద్దలవలేదు, లంచం తీసుకున్న అధికారి ఒకడు లోపలి నుంచి తలుపు తీశాడు. అబ్దుర్ రజాక్ లారీ ఒళ్ళంతా గాయాలయ్యేదాకా పోరాడినా కోట దక్కలేదు. అది నీలం కార్డు, తీసేయలేం. కానీ ఆరు నెలలు కష్టపడ్డాక ఒక్క కార్డుతో ఓడిపోతే "ఇది చీటింగ్" అని ఒక అబ్బాయి ఏడ్చేశాడు. చివరికి ఒక ఒప్పందానికొచ్చాం. వరుసగా మూడు నెలలు సగం తిండి పెడితేనే ఆ కార్డు కట్టలో కలుస్తుంది. ఈ షరతు మన ఊహ కాబట్టి దాని మూలన పసుపు చుక్క పెట్టాం. దాంతో ఆ అమ్మాయి లెక్క మళ్ళీ మొదటికొచ్చింది. మిగిలే నాలుగు పిక్కల్ని ఏ నెలలో వాడాలో ఇప్పుడు ఇంకో టీమ్ లెక్కలు వేస్తోంది.

ఇంట్లో ఆడాలంటే చార్ట్ పేపరు, ఒక పాచిక, చింతపిక్కలు చాలు. రూల్స్ పిల్లల డైరీలో అంటించాం. తలుపు తియ్యాలా వద్దా అన్నది మాత్రం దయచేసి మీరు ముందే చెప్పకండి. శనివారం మూడో టీమ్ ఆడుతుంది, చూడాలనుకునేవాళ్ళు ఆఖరి పీరియడ్‌కి రావచ్చు.